తలకిందులైన హంసలు

ధర్మవరంలో కుళ్ళాయమ్మ ముప్పై అయిదేళ్ళుగా ఒకే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. కళ్ళు మసకబారాయని ఎవరైనా అంటే ఒప్పుకోదు. బల్బు మంచిది కాదంటుంది, పట్టు మంచిది కాదంటుంది, ఒకసారి ఆకాశంలో మబ్బును కూడా తిట్టింది.

అయినా వరసగా రెండు చీరల్లో పోగులు తప్పాయి. పట్టూ జరీ ఇచ్చి నేయించుకునే జయచంద్ర మెత్తటి మనిషే. ఆయన కూడా ఈ హంసల అంచు చీరలో ఒక్క తప్పు కనబడినా మగ్గం మీద కోడలు పద్మను కూర్చోబెట్టమని చెప్పిపోయాడు. పద్మ బాగానే నేస్తుంది. కానీ గుంతలోంచి కాళ్ళు పైకి తీస్తే వాటిని ఎక్కడ పెట్టుకోవాలో కుళ్ళాయమ్మకు తెలియదు.

కళ్ళజోడు పెట్టుకుంటే ఓడిపోయినట్టే. అందుకని హిందూపురం పోయినప్పుడు గుట్టుగా ఒక భూతద్దం కొనుక్కొచ్చింది. తెగిన పోగు ముడెయ్యడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి దాన్ని దారంతో మగ్గానికి వేలాడదీసింది. గుడ్డకు నాలుగు వేళ్ళ ఎత్తులో పెడితే వెంట్రుకలాంటి పోగు మోకులా కనిపించేది.

చీర ఇవ్వడం రేపనగా, మధ్యాహ్నం నడుం పట్టేసి, అద్దాన్ని మూరెడు పైకి లాగి లేచి నిలబడింది. అందులోంచే అంచు వైపు చూసింది. హంసలన్నీ తలల మీద నిలబడి ఉన్నాయి.

బొమ్మ తిరగబడితే నేసేవాళ్ళకు తట్టేది ఒకటే. బొమ్మను నడిపించే చిల్లుల అట్టలను ఎవరో తిరగేసి కట్టారని. వెనకాముందూ చూడకుండా ఆమె అట్టల దండ దించి కట్లు విప్పేసింది. పద్మ వచ్చేసరికి అట్టలు ఇల్లంతా పరుచుకున్నాయి. అత్త వాటి నడుమ కూర్చుని, కట్టినవాడి ఏడు తరాలనూ పేరుపేరునా పలకరిస్తోంది.

మగ్గం మీద చీర ముఖం కిందికే ఉంటుంది. పద్మ ఎప్పటిలాగే ముఖం చూసుకునే అద్దాన్ని అడుగున పెట్టి చూసింది.

“అత్తా, హంసలు సక్కగానే ఉండాయి. తలకిందులైంది నీ భూతద్దంలోనే.”

పద్మ పదో తరగతి దాకా చదివింది. భూతద్దం విప్పి, వాకిలికి ఎదురుగోడ దగ్గర పట్టుకుంది. వీధంతా అగ్గిపెట్టంతై గోడ మీద పడింది. ఒక ఆటో చక్రాలు పైకి పెట్టుకుని పోతోంది. లోపలున్నవాళ్ళు పడిపోరా అని అత్త అడిగింది.

పద్మ రెండు పోగుల్ని కత్తెరలా దాటించి చూపింది. పైనుంచి వచ్చే వెలుతురు అద్దం దాటి కిందికి పోతుంది, కిందిది పైకి వస్తుంది, అందుకే బొమ్మ తిరగబడుతుంది. గుడ్డ మరీ దగ్గరుంటే వెలుతురు అద్దం దాటినా మళ్ళీ ఒకచోట కలవదు. అప్పుడు బొమ్మ తిన్నగా, పెద్దగా కనిపిస్తుంది. ఇది పోగుల సంగతని ముందే చెప్పొచ్చు కదా అని కుళ్ళాయమ్మ విసుక్కుంది.

అట్టల మీద అంకెలున్నాయి కాబట్టి సాయంత్రానికి ఇద్దరూ కలిసి దండ కట్టేశారు. మర్నాడు పొద్దున, మిగిలింది నేస్తుండగానే జయచంద్ర వచ్చాడు. ఆమె భూతద్దాన్ని మళ్ళీ మూరెడు పైకి లాగి లేచింది. ఆయన నిలబడే, అందులోంచి చూసి అదిరిపడ్డాడు.

“కుళ్ళాయక్కా, ఏందిది? హంసల్ని తలకిందులుగా నేసినావే?”

“వంగి సూడప్పా. నిలబడి సూస్తే ఎవురికైనా అట్లనే కనపడతాది.”

ఆయన వంగాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికాడు. ఒక్క పోగూ తప్పలేదు. మగ్గం ఆమెదేనని, తర్వాతి చీరకు రేపే నల్లపట్టు పడుగు పంపుతానని అన్నాడు.

కుళ్ళాయమ్మ భూతద్దాన్ని మళ్ళీ కిందికి దించింది.

“నల్లది వద్దప్పా. నల్లపోగు నాకు అద్దంలో కూడా కనపడదు. పసుపుది పంపు.”

పద్మ తల తిప్పుకుని నవ్వుకుంది.