నీళ్ల మీద తేలిన ఇటుక

మా అమ్మ మెడ నొప్పి చూడలేకే నేను తేలిక ఇటుకల పిచ్చిలో పడ్డాను. అప్పట్లో ఇబ్రహీంపట్నం చుట్టూ ఎటు చూసినా పిల్లర్లు లేస్తున్నాయి. నిన్నటిదాకా జొన్న ఉన్న చేలల్లో ప్లాట్ల హద్దురాళ్లు మొలుస్తున్నాయి. అమ్మ పొద్దున్నే కూలీల అడ్డా మీద నిలబడి, మేస్త్రి పిలిస్తే హయత్‌నగర్‌కో మీర్‌పేట్‌కో పోయి రోజంతా తల మీద ఇటుకలు మోసేది. సాయంత్రం ఎవరైనా పిలిస్తే మెడ తిరగక ఒళ్లంతా తిప్పి చూసేది. మానెయ్యమంటే వినదు. నాకు ఒళ్లు మండేది, ఎవరి మీదో తెలియదు.

మా ఆయన అప్పటికే ఒక రేకుల షెడ్డులో సిమెంటు ఇటుకలు పోస్తున్నాడు. టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మే దుకాణాల వెనక కాల్చిపారేసే థర్మాకోల్‌ను పొడి చేసి సిమెంటులో కలిపితే ఇటుక తేలికవుతుందని ఎక్కడో విని వచ్చాడు. పాత సామాన్లు కొనే కబాడీ దుకాణం నుంచి బస్తాలకొద్దీ తెచ్చాం. ఇసుక తగ్గించి, కరెంటు తయారుచేసే చోట మిగిలే బొగ్గు బూడిద కలిపాం. థర్మాకోల్‌ను జల్లెడ మీద రుద్దుతుంటే గింజలు గాలికి లేచి జుట్టులో, బట్టల్లో, చివరికి పప్పులో కూడా తేలేవి. అవి ఏరుకుంటూ తినడం అలవాటైపోయింది.

మొదటిసారి పోసినవన్నీ పగిలాయి. ఎప్పటిలాగే ఆరిన ఇటుకల్ని గట్టిపడడానికి నీళ్ల తొట్టిలో వేసి మా పనిలో మేం పడ్డాం. మామూలు ఇటుకలు మునిగి కూర్చుంటాయి. ఇవి తేలాయి. కింది భాగం నీళ్లు తాగింది, పైభాగం ఎండకు మాడి బీటలిచ్చింది. ఆ తర్వాత వాటి మీద బండరాళ్లు పెట్టి ముంచాం. బరువు తగ్గిద్దామని మొదలుపెట్టి రోజూ రాళ్లు మోస్తున్నామని మొదట్లో నవ్వుకునేవాళ్లం. కొన్నాళ్లకు నవ్వే ఓపిక కూడా పోయింది. చివరికి తొట్టి మానేసి తడి గోనెసంచులు కప్పడం నేర్చుకున్నాం.

ఇటుక కుదిరింది గానీ కొనేవాళ్లు కుదరలేదు. చేత్తో ఎత్తి చూసి, "గిదేంది, గింత అల్కగున్నది? గోడ నిలుస్తదా?" అని పెట్టేసి పోయేవారు. ఆఖరికి అమ్మను పనికి తీసుకుపోయే మేస్త్రే వచ్చాడు. మీర్‌పేట్‌లో పాత స్లాబు మీద ఇంకో అంతస్తు వేస్తున్నారట. కింది గోడలు ఎక్కువ బరువు ఆపవు కాబట్టి, పైన గదుల మధ్య అడ్డుగోడలకు మా ఇటుకలు పంపమన్నాడు.

నేను ఆ రోజే ఒక ఇటుక తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. ఎగరేసి పట్టుకుంది.

"అవ్ బిడ్డా, మస్తు అల్కగున్నది. గిట్లుంటె ఎన్నేండ్లయినా మోస్త" అంది.

అన్ని నెలల చాకిరీ ఆ ఒక్క మాటతో మర్చిపోయాను.

ఇటుకల ట్రాలీ ఆటోలోనే నేనూ మీర్‌పేట్ వెళ్లాను. ఆ పనికే వెళ్లిన అమ్మ తేలిగ్గా మెట్లెక్కడం కళ్లారా చూడాలని నా ఆశ. అన్నీ దింపించి, నీళ్లు తాగి వచ్చేసరికి మోత మొదలైంది. అమ్మ మొదటి మెట్టు మీద ఉంది. తల మీద చుట్టబట్ట, దాని మీద చెక్క, చెక్క మీద ఇటుకలు. మామూలుగా పెట్టే ఎత్తుకు ఇంకా అంత ఎత్తు పేర్చి ఉన్నాయి.

"అన్నా, గన్నెందుకు పెట్టినవ్?" అని మేస్త్రి మీద అరిచాను.

అతనికి నా కోపం అర్థమే కాలేదు. "అల్కగున్నయ్ గద అక్కా! ఒక్కసారి ఎక్కితె రెండుసార్ల పని అయితది. మస్తు చేసిన్రు మీరు" అన్నాడు మెచ్చుకుంటూ.

అమ్మ తల ఎత్తలేదు, ఎత్తడానికి లేదు. నా కాళ్లను చూసి గుర్తుపట్టి, "జర పక్కకు జరుగు బిడ్డా" అంది. జరిగాను. ఆమె గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది.

ఇంటికొచ్చాక, ఎప్పటిలాగే అమ్మ నా ముందు వీపు పెట్టి కూర్చుంది. వేడి ఆవనూనెతో మెడ రుద్దుతున్నాను. నాకు ఏడుపొస్తోంది. ఆ ఏడుపు దాచుకోవడానికి, ఈసారి థర్మాకోల్ ఇంకొంచెం ఎక్కువ కలిపి చూస్తామని ఏదో చెబుతున్నాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంక అల్కగ చెయ్యకు బిడ్డా" అంది.