కాగితంలో లేని మేనత్తలు

అల్వాల్‌లో తండ్రి తుకారాం పెట్టిన కుట్టు దుకాణంలో సుమిత్ర ఇరవై ఏళ్ళుగా జాకెట్లు కుడుతోంది. హరికిషన్‌తో పెళ్ళయి రెండు వీధుల అవతలికి వెళ్ళినా మిషను ఇక్కడే. ఈమధ్య యాప్రాల్ కొత్త ఫ్లాట్ల నుంచి సాఫ్ట్‌వేర్ అమ్మాయిలు వస్తున్నారు. బయట క్యాబ్ హారన్ కొడుతుంటే కొలతలిచ్చి పరుగెత్తుతారు.

అక్క భవానికి ముప్పై ఆరో ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఎడమవైపు తీసేశారు. ఆమె జాకెట్లకు ఆ వైపు దూది పెట్టి కుట్టేది సుమిత్రే. ఆ దూదికి బరువుండదు. ఉతికితే మాత్రం ఆరడానికి ఒక రోజు పడుతుంది.

భవాని రక్తంలో పుట్టుకతో వచ్చిన దోషం కనబడింది. చెల్లెలికీ ఉండే అవకాశం సగం, పరీక్ష చేయించుకోమంది డాక్టరమ్మ. ఉంటే ఏటేటా స్కానింగ్, కావాలనుకుంటే ముందే ఆపరేషన్. బల్లమీద వాళ్ళ వంశవృక్షం గీసిన కాగితం పరిచింది. ఆడవాళ్ళకు సున్నాలు, మగవాళ్ళకు గడులు. తల్లివైపు నిండుగా ఉంది, అందరూ పండి రాలినవాళ్ళే. తండ్రివైపు తుకారాం గడి ఒక్కటే.

"మీ నాన్నకు అక్కచెల్లెళ్ళు లేరా?"

"ఇద్దరక్కలుండె మేడం. పెండ్లయి వేరే ఇంటోళ్ళయిండ్రు గద. మీరు మా ఇంట్ల ఎవరికన్న ఉందా అని అడిగిండ్రు."

"ఏం జబ్బుతో పోయారు?"

సుమిత్ర కాగితంలో ఆ ఒంటరి గడి వైపు చూసింది.

"ఇద్దరికీ రొమ్ముల గడ్డనే."

డాక్టరమ్మ రెండు సున్నాలు గీసింది. "ఇంటిపేరు మారిందని రక్తం మారదమ్మా. ఇది తండ్రి నుంచి కూడా వస్తుంది."

ఆ వారమంతా మధ్యాహ్నాలు మెత్తగా గడిచాయి. మిషను చప్పుడులో కునుకు పట్టేది. కునుకులో కాప్రా చెరువు మీంచి మేనత్తలిద్దరూ నడిచి వచ్చేవారు. నీళ్ళు వాళ్ళ కాళ్ళకింద కదలవు. కొలత తియ్యి బిడ్డా, అనేవారు. ఆమె టేపు తిప్పేది. తడిసిన చీర తగిలేది, మనిషి తగిలేది కాదు.

పరీక్షకు వెళ్తే సంగతి నాన్నకు చెప్పాలి. నీ నుంచే వచ్చింది అనాలి. వెళ్ళకపోతే ఆ మాట అనక్కర్లేదు. వెళ్ళకూడదని ఆమె ఇంచుమించు తేల్చుకుంది.

కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుడుతున్న తుకారాం తల ఎత్తాడు.

"ఏందే, జాకెట్‌కు రెండు చేతులూ కుడివే కుట్టినవ్? ఆ పిల్ల ఒక్క చెయ్యి ఇంట్ల పెట్టి రావాల్నా?"

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. చెప్పేసింది. అక్క రక్తం సంగతి, తనకూ సగం అవకాశమన్న సంగతి, మేనత్తల సంగతి, రేపటి పరీక్ష సంగతి.

అతని సూది ఆగింది.

"గంగక్కకు గడ్డ ఉన్నదని నాకు ఎరుకే," అన్నాడు. "చూడపోలే. వేరే ఇంటి ముచ్చట, ఆళ్ళు చూసుకుంటరు అనుకున్న. చంద్రక్కప్పుడు సుత గట్లనే అనుకున్న."

"నువ్వు పరేషాన్ కాకు నాయినా. నేను పరీక్షకు పోతలేను."

"ఎందుకు పోవు? హరికిషన్ వద్దన్నడా?"

"ఆయన పొమ్మన్నడు. నేనే. ఉన్నదంటే నువ్వు..."

"నేనేమైతనే? డెబ్బై ఏండ్లోణ్ణి." కాజా దారం పళ్ళతో తెంచాడు. "నువ్వు సుత వేరే ఇంటిదానివే గద. ఇగ నిన్ను సుత చూడ రాకుండ ఉండాల్నా?"

వీధిలో క్యాబ్ ఒకటి వెళ్ళింది. గుడ్డమీద సుద్దగీత ఎండలో కరిగిపోతున్నట్టు అనిపించింది.

"మిషను సూది ఏలుల దిగితే కుయ్యిమనవు. గా రక్తం తీసే సూదికి ఇంత సోచాయించి ఆగుతవా?"

"సూదికి కాదు."

"ఎరుకే." అతను కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడిచాడు. "రేపు ఎన్ని గంటలకు పోవాలె?"

ఆమె తప్పు చెయ్యి కుట్టు విప్పసాగింది.

"పదింటికి."

"ఏం తినకుండ పోవాల్నా?"

"తినొచ్చంట."

"అయితే చాయ్ తాగి పోదాం. జెర జల్ది రా."