తలుపు తీయని బోగీ

ఆ జంక్షన్‌లో నేను దిగేసరికి పొద్దున ఏడు. పంతొమ్మిది వందల అరవై అయిదు, సెప్టెంబరు. పడమటి సరిహద్దు అక్కడికి దగ్గరే. నేల చదును, ఇసుక, అక్కడక్కడ తుమ్మ చెట్లు. ఎండ అప్పటికే వీపు కాలుస్తోంది. నా దగ్గర త్రీనాట్‌త్రీ రైఫిల్, యాభై తూటాలు, నీళ్ల సీసా ఉన్నాయి. బూట్లు ఒక నంబరు చిన్నవి. స్టోరు క్లర్కుకు మూడుసార్లు చెప్పాను. "యుద్ధం అయ్యాక మారుస్తా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు తన బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నాడు.

మా పని రైలు కాపలా. సరిహద్దు ఊళ్లు వదిలి ఢిల్లీ వైపు పోయే జనంతో రోజూ ఒక బండి బయలుదేరేది. ఒక్కో బండికి ముగ్గురం. ముందు హవల్దారు, మధ్యలో నేను, చివర గార్డు పెట్టెలో వైర్‌లెస్ మనిషి. ఆర్డరు చిన్నది. విమానం కనబడితే ఇంజను పొట్టి కూతలు వేస్తుంది, బండి ఆగుతుంది. జనాన్ని దింపి, దూరంగా తరిమి, ఇసుకలో బోర్లా పడుకోబెట్టాలి.

నా బోగీ వాళ్లు తలుపు తీయలేదు.

ఆ రోజుల్లో దూరప్రయాణాలు చేసినవాళ్లకు ఇది తెలుసు. ముందెక్కినవాళ్లు గడియ పెట్టి, తలుపుకు సామాను అడ్డం పేర్చి, వెనకొచ్చినవాళ్లను ఇంకో బోగీ చూసుకోమంటారు. ఆ తలుపు లోపలికి తెరుచుకునేది. బరువు పేరిస్తే బయటివాళ్లు ఎక్కలేరు. లోపలివాళ్లు దిగనూ లేరు. ఈ రెండో సంగతి వాళ్లకు తట్టలేదు. అవతలి తలుపూ అంతే.

హవల్దారు దగ్గరికి పోయాను.

"తలుపు తీయించాకే బండి కదలాలి, సార్."

"బండి ఇప్పటికే ఆలస్యం. మెట్టు మీద నిలబడు."

"విమానం వస్తే వీళ్లు దిగలేరు."

"నువ్వు సిపాయివా, వకీలువా?"

ఆ మాట నేను మరిచిపోలేదు.

బండి కదిలింది. కడ్డీ పట్టుకుని మెట్టు మీద వేలాడుతూ, మా భాషలో ఆ బోగీ మొత్తాన్ని తిట్టాను. కిటికీ చువ్వల వెనక ఎవరో నవ్వారు.

"జర పైలంగ తిట్టు తమ్మీ. ఈడ తెలుగు సమజయ్యెటోడు ఒకడున్నడు. ఏ ఊరు నీది?"

"జహీరాబాదు."

"అరే, నాది మీ పక్కన కోహీరే. ఎల్లయ్య అంటరు. కాలువ పనిల మేస్త్రీని. లడాయి షురువయ్యిందని మమ్మల్ని ఎల్లగొట్టిన్రు."

"కోహీరోనివై ఉండి నన్ను బయట నిలవెడ్తవా అన్నా? తలుపు తియ్యి."

"నేను పెట్టిన్నా గడియ? తలుపు కాడ ఒక షావుకారున్నడు. ట్రంకులు, బట్టల మూటలు, వాటి మీద ఆయన. లెవ్వుమంటే నాకు చెప్పు చూపిచ్చిండు."

"విమానమొస్తే ఎట్ల దిగుతరు?"

"గట్ల భయపెట్టకు. ఈడ పిల్లల తల్లులున్నరు."

చువ్వల సందులోంచి రొట్టె ముక్క ఇచ్చాడు. "గోధుమది, ఏమనుకోకు. ఈ దేశంల జొన్న రొట్టె తట్టెటోళ్లే లేరు."

తిన్నాను. కోపం తగ్గలేదు. మళ్లీ మళ్లీ అడిగాను. చివరికి అతను లేచి షావుకారుతో మాట్లాడటం వినబడింది. షావుకారు హిందీలో అరిచాడు. "సిపాయి లోపలికొస్తే నా ట్రంకులు వాడి నెత్తిన పెట్టుకుంటాడా?" బోగీ అంతా నవ్వింది. ఆ నవ్వూ నాకు గుర్తుంది.

పదకొండు దాటాక ఇంజను పొట్టి కూతలు వేసింది. సూర్యుడి పక్కనుంచి రెండు విమానాలు వచ్చాయి. మొదటి దెబ్బకు బాయిలరు పగిలింది. ఆవిరిలో డ్రైవరు అరుపు వినబడి ఆగిపోయింది. బండి ఆగిన కుదుపుకు నేను కంకరలో పడ్డాను. మిగతా బోగీల జనం దూకి ఇసుకలోకి పరుగెత్తారు. నా బోగీలోంచి చువ్వల మధ్య చేతులు మాత్రమే బయటికి వచ్చాయి.

రెండోసారి వచ్చినప్పుడు పైకప్పు చిరిగింది. లోపల బట్టల మూటలు అంటుకున్నాయి. రైఫిల్ తిప్పి పట్టుకుని, దాని చెక్క మడమతో తలుపు పైభాగాన్ని కొట్టాను. లోపల ఎల్లయ్య ట్రంకులు లాగుతున్నాడు.

"కొట్టు తమ్మీ, ఆగకు."

చెక్క పగిలింది. ఒక మనిషి పట్టేంత కంత. అతను ఎత్తి అందించాడు, నేను లాగాను. ఒక తల్లి, ఆమె చంటిది. తర్వాత ఒక ముసలావిడ. ఆమె వెంట్రుకలు కాలుతుంటే అరచేతులతో ఆర్పాను. తర్వాత షావుకారు. మణికట్టు దగ్గర మాంసం లేచిపోయి ఎముక కనబడుతోంది. "ట్రంకు, ట్రంకు" అంటున్నాడు.

"నువ్వు రా అన్నా."

"ఇంకో ఆడామె ఉన్నది. పట్టు."

మూడోసారి వచ్చాయి. తలుపు మీద వరసగా బెజ్జాలు పడ్డాయి. నేను పట్టుకున్న ఆమె తల నా భుజం మీద వాలింది. ఆమెకు వీపు లేదు. ఎల్లయ్యను పిలిచాను. తలుపు కిందినుంచి నెత్తురు మెట్టు మీదికి కారింది. కంతలోంచి లోపలికి దూరాను. అతను ట్రంకు మీద బోర్లా పడి ఉన్నాడు. రెండు చేతులూ దాని పిడిని పట్టుకునే ఉన్నాయి. పేగులు నేల మీద ఉన్నాయి. లాగబోయాను. నా చొక్కా అంటుకుంది. వదిలేసి బయటికి దూకాను.

ఒక్కో సిపాయికి గాయానికి కట్టే పట్టీ ఒకటే ఇస్తారు. నాది షావుకారుకు కట్టాను.

వైర్‌లెస్ మనిషి కట్ట మీద కూర్చుని కబురు చెబుతున్నాడు. "ఇంజను పోయింది. ఒక బోగీ కాలుతోంది. జనం లోపలే ఉన్నారు."

"ఎందుకు దిగలేదు?" అని అవతలి గొంతు అడిగింది.

అతను నా వైపు చూశాడు. "తలుపు" అన్నాడు.

"అర్థం కాలేదు. మళ్లీ చెప్పు."

హవల్దారు వచ్చి మొదట నా రైఫిల్ చూశాడు. మడమ విరిగిపోయి ఉంది. "తలుపు మీద రైఫిల్ వాడమని నీకు ఆర్డరు ఎవరిచ్చారు?" అన్నాడు. శిక్షగా వారం రోజులు వీపున ఇసుక మూటతో పరుగెత్తించారు, ఆ చిన్న బూట్లతోనే. జరిగిందంతా రాసి పై ఆఫీసరుకు అర్జీ పెట్టాను. మళ్లీ పెట్టాను. జవాబు ఇవాళ్టికీ లేదు.

చలికాలంలో సెలవు దొరికింది. వికారాబాదు మీదుగా వచ్చి జహీరాబాదులో దిగాను. స్టేషను ముందు హోటల్లో "ఎంతమందిని సంపినవ్?" అని అడిగారు. ఒక్క తూటా కూడా పేల్చలేదని చెప్పాను. "గంతేనా" అని టీ వైపు తిరిగారు. వాళ్ల మొహాలు నాకింకా గుర్తున్నాయి.

మర్నాడు కోహీర్ పోయాను. ఎల్లయ్య తమ్ముడు జామతోటలో పాదులు తవ్వుతున్నాడు. చెప్పిందంతా పార మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు. ఒక్కటే అడిగాడు.

"మా అన్న నీకు తలుపు తీసిండా?"

"తలుపు తీసుకుంటనే పానం ఇడిసిండు."

అతను మళ్లీ పార ఎత్తాడు.

ఒక్కటి మాత్రం అతనికి చెప్పలేదు. బోగీ కాలిన రోజు సాయంత్రం మమ్మల్ని తీసుకుపోవడానికి ఇంకో బండి వచ్చింది. బతికినవాళ్లంతా ఇసుకలోంచి లేచి పరుగెత్తారు. నేను ముసలావిడను వీపున వేసుకుని నడిచాను. మేం చేరేసరికి ఎదురుగా ఉన్న బోగీ తలుపు మూసుకుంటోంది. సందులోంచి గడియ మీద ఒక చెయ్యి కనబడింది. మణికట్టుకు నేను కట్టిన పట్టీ. నెత్తురు ఇంకా తడిగానే ఉంది.