ఆ నాలుగు యాంటెన్నాలు

ఏడేళ్లుగా నా పేరు పక్కన మోస్తున్న గొప్ప ఒకటి నాది కాదు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

రాజాం దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. ఒకేసారి పనిచేసే పది ఫోన్ల సిగ్నళ్లను అరవై నాలుగు యాంటెన్నాలతో అందుకుని విడదీసే రిసీవర్ నా పని. ప్రతి యాంటెన్నాకూ సిగ్నల్‌ను కచ్చితంగా కొలిచే చిప్ పెడితే కరెంటు విపరీతంగా తాగేది. సిగ్నల్ పైకా, కిందకా అని మాత్రమే చెప్పే చవక చిప్పులు పెడితే కరెంటు తగ్గేది కానీ, దగ్గరి ఫోన్ హోరులో దూరపు ఫోన్ మునిగిపోయేది. రెండేళ్లు తల బద్దలు కొట్టుకున్నాను.

నూకరత్నం మా ల్యాబ్ టెక్నీషియన్. డిప్లొమా చదివింది. వాళ్లది భావనపాడులో సముద్రం మీద చేపల వేటకెళ్లే కుటుంబం. ఒక మధ్యాహ్నం సోల్డరింగ్ చేస్తూనే అంది:

"మా ఊర్లో పడవ ఒడ్డుకొస్తన్నప్పుడు ఒడ్డుమీదోళ్లందరూ తువ్వాళ్లు ఊపుతారు సార్, ఇటా అటా అని. ఎంత దూరమో సెప్పేది మాత్రం ముగ్గురు నలుగురు ముసిలోళ్లే. ఇక్కడా నాలుగింటికి మంచి చిప్పులుంచీసి, మిగతావాటికి సవకవి పెడితే ఏటవుతాది?"

పెట్టి చూశాం. కరెంటు మీటరు దిగింది. దూరపు ఫోన్ స్పష్టంగా వచ్చింది. ఎంత తేలిగ్గా చూసేసింది! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

దాని మీద రీసెర్చ్ పేపర్ రాస్తుంటే అడిగింది.

"నా పేరు ఏస్తారా సార్? అది సూపించి పెద్ద ల్యాబ్‌లో ఉజ్జోగానికి పెట్టుకుంతాను."

"టెక్నీషియన్ల పేర్లు వెయ్యరమ్మా. రూలు," అన్నాను.

అలాంటి రూలేదీ లేదు. "అలాగా సార్" అని మళ్లీ పనిలో పడింది. ఎందుకన్నాను? డిగ్రీ చేజారుతుందన్న భయమా? డిప్లొమా చదివిన మనిషికి తట్టింది నాకు తట్టలేదని నలుగురికీ తెలిసిపోతుందన్న సిగ్గా? భయమేనని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కాదు, సిగ్గే.

నాకు డాక్టరేట్ వచ్చింది. ఆమె ఇప్పటికీ అదే బల్ల దగ్గర ఉంది. మొన్న కొత్త బ్యాచ్‌కు రిసీవర్ చూపిస్తూ, "ఈ నాలుగే దీనికి పేణం. మా సారు కనిపెట్టారు," అంటోంది. గొంతులో వెటకారం లేదు. తనన్న మాట తనే మరిచిపోయిందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా. చూడండి నా బుద్ధి! గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాను. లోపలికెళ్లి కాదనలేకపోయాను.

ఇక్కడ అంటున్నాను. ఆ నాలుగు యాంటెన్నాలూ నూకరత్నానివి. ఈ ముక్క రాసేసరికి కాస్త ఊపిరాడుతోంది. రేపు పొద్దున్న ల్యాబ్ తలుపు తీసేది ఆమే. నన్ను చూసి లేచి నిలబడుతుంది.