కారు సీటులోకి వెళ్లిన మా పరుపు దూది

మా ఆయన హయాత్ దూదేకుల ఇంట పుట్టాడు గాని, దూది పని ఇష్టం లేక డ్రైవరీ నేర్చుకున్నాడు. ఆయన పోయి ఏడు నెలలైంది. వచ్చినవాళ్లంతా నెమ్మదస్తుడనీ ధైర్యస్తుడనీ చెప్పి వెళ్లారు. నేను మాత్రం ఆయన భయపడ్డ ఐదు రోజుల సంగతి రాస్తాను. అవి చూసింది నేనూ మా అత్తా, ఇంకొకరు.

అరవై ఒకటో సంవత్సరం. చిలకలూరిపేట రోడ్డు పక్కన పత్తి మిల్లు, అందులోనే మాకు ఒంటిగది క్వార్టరు. మిల్లు యజమాని చెంచురామయ్య గారికి రెండు సీట్ల కారు ఉండేది. గుంటూరు పొగాకు కంపెనీ దొర స్వదేశం పోతూ అమ్మిన బండి. పైన రేకు ఉండదు, మడత పెట్టే గుడ్డే. లోపల ఎర్రతోలు సీట్లు. అది పరుగు పందేలకు చేసిన కారని చెప్పుకునేవారు. అయ్యగారు తనే నడిపేవారు. తుడవడం, కాపాడటం మా ఆయన పని.

ఆ శ్రావణమాసంలో అయ్యగారు మద్రాసు వెళ్లారు. ముసురు పట్టింది. కారు షెడ్డు కురుస్తోందని మా ఆయన బండిని తీసుకెళ్లి పత్తిగింజల గోడౌనులో పెట్టాడు. గింజలకు ఎలుకలు చేరతాయని మిల్లులో పసిపిల్లకైనా తెలుసు. ఆయనకీ తెలుసు. తడవకూడదన్న ఒక్క ఆలోచనే ఆ పూట బుర్రలో ఉన్నట్టుంది. ఆదివారం వాన తెరిపిచ్చాక చూస్తే డ్రైవరు సీటు ఒక పక్క చీలిపోయి పీచంతా బయటికొచ్చింది. పీచులో ఎలుక పిల్లలు.

ఇంటికొచ్చి గోడకానుకుని కూలబడ్డాడు.

"గురువారం మిట్టమధ్యాన్నానికి వస్తాడే ఆయన. చూశాడంటే ఉద్యోగం పోద్ది, ఈ గదీ పోద్ది."

"మద్రాసు పంపితే బాగుచెయ్యరా?"

"నెల పడుద్ది. నేనే కుడతా."

"నువ్వా?" అంది మా అత్త చెంచుబీ. "నిన్ను దూది ముట్టుకోరా అంటే పారిపోయినోడివి!"

బోల్టులు విప్పి సీటును వసారాలోకి తెచ్చాడు. పాత కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటే తెంపాడు. తోలును కుంకుడు నీళ్లతో తుడిచి, పెళుసెక్కిన చోటల్లా ఆముదం రాశాం. ఎలుకల వాసన వదలడానికే సోమవారమంతా పట్టింది. లోపలి స్ప్రింగులు బాగానే ఉన్నాయి. కావలసింది దూది. మిల్లులో గుట్టలున్నా గుప్పెడు ముట్టనన్నాడు. మా పెళ్లి పరుపు విప్పాం. అటకమీది మామగారి దూదేకే విల్లు దించి ఆయన ఏకుతుంటే అత్త పక్కన కూర్చుని తప్పులు పట్టింది. చెప్పులు కుట్టే పానకాలు దగ్గర తెచ్చిన తోలుముక్కను చిరుగు కింద అతికి, బుధవారం సాయంత్రానికి కుట్టేశాడు. చూడటానికి ముచ్చటగా ఉంది.

గురువారం పొద్దున్నే సీటు బిగించి, గేటు వాచ్‌మన్ యేసుపాదాన్ని కూర్చోమన్నాడు. యేసుపాదం అయ్యగారంత పొడగరి. కూర్చుంటే ముందు అద్దం అంచు సరిగ్గా ముక్కు దగ్గరికొచ్చింది. స్టీరింగు తొడల మీద ఒత్తుకుంది.

"ఏం హయాతన్నా, బాలింతకి కుట్టావా ఈ పరుపు? అయ్యగారి తల అద్దం దాటిపోద్ది. ఈగలన్నీ నోట్లోకే!"

నాకు నవ్వొచ్చింది గాని ఆయన ముఖం చూసి మింగేశాను. పరుపు కుట్టేవాళ్లు దూది ఉబ్బేదాకా కూరుతారు, మూడు నెలలు పడుకుంటే అణుగుతుందని. ఆయన చేతికి వచ్చిందీ ఆ లెక్కే. మూడు నెలలు కాదు, మాకు ఐదు గంటలే ఉన్నాయి.

మళ్లీ విప్పాడు. సగానికి సగం దూది లాగేశాం. ఒకసారి కుట్టిన తోలు, అవే చిల్లుల్లో రెండోసారి దారం పోనిస్తుంటే పిగిలేటట్టుంది. సూది విరిగింది. ఇంకో సూది. నేను రెండు చేతులతో తోలు నొక్కి పట్టుకున్నాను, ఆయన చెమట నా చేతుల మీద పడుతోంది.

"గట్టిగా లాగబాకు," అంది అత్త. "మెల్లిగా, మెల్లిగా."

ఆఖరి ముడి వేసి, సీటు బిగించి లేచేసరికి గేటు దగ్గర టాక్సీ ఆగింది. అయ్యగారు బట్టలైనా మార్చుకోకుండా కారు దగ్గరికే వచ్చారు. చెప్పొద్దని నేను మా ఆయనకి సైగ చేశాను. ఆయన చూడలేదో, చూడనట్టున్నాడో.

"అయ్యగారూ, కూచోబాకండి. ముందు నేనో మాట చెప్పాల," అని మొదలుపెట్టి, గోడౌను సంగతి, ఎలుకల సంగతి, దూది సంగతి అంతా చెప్పేశాడు. అయ్యగారు వంగి ఆ కుట్టును బొటనవేలితో తడిమారు.

"ఎవడు చెప్పాడురా నీకు గోడౌనులో పెట్టమని?"

"ఎవరూ చెప్పలేదండి. నాదే తప్పు."

అయ్యగారు బండి ఎక్కి కూర్చున్నారు. ఎప్పుడూ పక్కన కూర్చోబెట్టుకునే మా ఆయన్ని ఈసారి రమ్మనలేదు. కారు మార్టూరు వైపు దూసుకుపోయింది.

గంట గడిచింది. మా ఆయన గేటు దగ్గరనుంచి కదల్లేదు. అన్నానికి రమ్మంటే చెయ్యి అడ్డంగా ఊపాడు. అత్త గదిలో గిన్నెలు ఒకచోట చేర్చడం మొదలుపెట్టింది.

కారు తిరిగొచ్చింది. అయ్యగారు దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒకసారి వెనక్కి విరుచుకున్నారు. తాళం చెవి మా ఆయన చేతిలో పెట్టి ఏదో అని లోపలికి వెళ్లిపోయారు.

నేను పరుగున వెళ్లాను. "ఏమన్నాడయ్యా?"

"రేపు ఆరింటికి బండి తియ్యమన్నాడు," అన్నాడు. గేటు అరుగు మీద కూర్చుని, "మంచినీళ్లు తీసకరావే" అన్నాడు.