కమాను బద్దలూ, గూడూరు సంబంధమూ

ఇప్పుడు నన్ను చూసినవాళ్ళెవరూ నమ్మరుగానీ, ఆ రోజుల్లో నేను ఒకచోట కూర్చోగా చూసినవాళ్ళు మా పాలెంలో లేరు. అన్నం కూడా గిన్నె చేత్తో పట్టుకుని వాకిట్లో తిరుగుతూ తినేవాణ్ణి. అందరూ నన్ను 'కాలుగాలిన పిల్లి' అనేవాళ్ళు. (పిల్లికైనా కాలు మానిన తర్వాత కాస్త కుదురుంటుంది, నాకు అదీ లేదు.) మా నాయన నాలుగుసార్లు తెప్ప మీద వేటకు తీసుకుపోయి చూసి, "ఈణ్ణి ఎక్కించుకుంటే మనమే చేపలకు మేతయిపోతాం, ఒడ్డునే ఉండనీ" అని దింపేశాడు. సముద్రానికి పనికిరాని నన్ను మా మేనమామ తన వ్యానుకు తీసుకున్నాడు. కుదురు లేనివాడికి కుదురు లేని పనే ఇవ్వాలని ఆయన సిద్ధాంతం.

వ్యాను అంటే పెద్దగా ఊహించుకోకండి. మామ మద్రాసు పోయి మిలిటరీ వేలంలో కొనుక్కొచ్చిన పాత పికప్పు అది. ముందు డ్రైవరు గది, వెనక కప్పు లేని తొట్టి. పాలెంలో పడిన చేపను ఆ తొట్టిలో వేసుకుని అల్లూరు మీదుగా నెల్లూరు మార్కెట్టుకు పోవడం మా పని. ఏళ్ళ తరబడి గంపల్లోంచి ఉప్పునీళ్ళు కారి కారి, వెనక చక్రాల పైన బండి బరువును మోసే ఇనప బద్దల కట్టలు, అంటే కమాన్లు, వంపు పోయి చప్పటగా అయిపోయాయి. బండి ఎప్పుడూ వెనక్కి చతికిలబడి, ముక్కు పైకెత్తి చూస్తూ ఉండేది. గుంటలో దిగితే తొట్టి వచ్చి చక్రాన్ని రాసుకునేది. ఆ రబ్బరు కాలిన కంపుకు వెనకొచ్చే ఎద్దులు కూడా మొహం తిప్పుకునేవి.

ఇక్కడ మా పాలెం కొలత గురించి చెప్పాలి. మా ఒడ్డున ఆడవాళ్ళు చేపను మామకు తూకం వేసి అమ్మేవాళ్ళు కారు, నిండు బండికి ఇంత అని బండి లెక్కన అమ్మేవాళ్ళు. తొట్టి వెనక తలుపుకు ఎడమపక్క ఒక గొలుసు వేలాడుతూ ఉండేది. దాని కొక్కెం ఎప్పుడో ఊడిపోయింది. గంపలు ఎక్కిస్తూ ఉంటే బరువుకు తొట్టి దిగుతుంది, దాంతోపాటు గొలుసూ దిగుతుంది. గొలుసు చివర నేలకు తాకిందంటే బండి నిండినట్టు. ఆ పైన ఒక్క చేప కూడా పడదు. ఈ కట్టుబాటు బండి కొత్తలో పెట్టుకున్నది. అప్పుడు గంపలు పైపైకి పేరిస్తేగానీ గొలుసు తాకేది కాదట. కమాన్లు కుంగేకొద్దీ సగం గంపలకే ఆడవాళ్ళు "తాకె, తాకె" అని చప్పట్లు కొట్టి పక్కకు తప్పుకునేవాళ్ళు. ఆ చప్పట్లలో అందరికంటే గట్టివి మా అమ్మవి. మా నాయన సముద్రం మీద ఎంత మొనగాడో, ఒడ్డు మీద బేరానికి మా అమ్మ అంత. ఇంట్లో మామకు ముల్లు తీసి చేప పెట్టే మనిషి, బండి దగ్గరికొస్తే మాత్రం అన్నా లేడు, తమ్ముడూ లేడు.

మామకు ఒక కూతురు. నాకు వరసైన పిల్ల. మేనమామ కూతురు కదా, ఎక్కడికి పోతుందిలే అనుకుని నేను ఆ విషయం ఎవరి దగ్గరా నోరెత్తి అన్న పాపాన పోలేదు, ఆ పిల్లతో సహా. ఆమె ఎదురైతే నాకు ఎక్కడో పని గుర్తొచ్చి పరుగెత్తేవాణ్ణి. ఒకరోజు మామ చుట్ట వెలిగించుకుంటూ, "గూడూరు నించి సంబంధమొచ్చుండాది రా. పిలగాడికి ఐసు ఫ్యాక్టరీలో పనంట. చానా కుదురైనోడంట" అన్నాడు. ఆ 'కుదురైనోడు' అన్న మాటకు నాకు మండింది. నా మొహం చూసి మామకు అర్థమైనట్టుంది, చుట్ట నోట్లోంచి తీసి, "ఇదిగో అల్లుడా, నీ చేతిలో ఒక పని మొదలవడమేగానీ అయిపోవడం నేనింతవరకు చూళ్ళా. ఈ బండి వెనక కుంగిపోయుండాదే, దీన్ని లేపు. లేపినావా, గూడూరోళ్ళను రాబాకండి అని కబురు పెడతా" అన్నాడు. కమాను లేస్తే గొలుసు కూడా లేస్తుందన్న లెక్క ఆయన బుర్రలో అప్పటికే ఉంది. నా బుర్రలో పెళ్ళి తప్ప ఏ లెక్కా లేదు.

ఆ పూటే బండిని కొడవలూరు కమ్మరి దగ్గరికి తోలాను. బండి కింద రాళ్ళు ఎత్తు పెట్టి, తుప్పు పట్టిన బోల్టులకు కిరసనాయిలు పోసి, వేలిచర్మం ఊడేటట్టు తిప్పి కమాన్లు దించాను. కమ్మరి బద్దల్ని విడదీసి, కొలిమిలో కాల్చి, సుత్తితో కొట్టి ఒక్కొక్కదానికీ మళ్ళీ వంపు ఎక్కించడం మొదలుపెట్టాడు. అంతవరకు బాగానే ఉంది. "ఇంక నువ్వు పో అబ్బయ్యా. ఇనుము దాని పాటికది ఆరాల. రేపు రా" అన్నాడు. రేపటిదాకా నేనేం చెయ్యను? ఈలోపల గూడూరు వాళ్ళు బయల్దేరితే? కొలిమి చుట్టూ తిరిగాను. ఇనుము ఆరిందా అని వేలితో ముట్టుకుని చూశాను. (కాలుగాలినవాణ్ణి చేయి కూడా కాల్చుకున్నాను.) ఇక ఆగలేక బస్సెక్కి నెల్లూరు, అక్కణ్ణించి మనుబోలు పోయి, రోడ్డు పక్కన లారీలు బాగుచేసే షెడ్డులో ఒక విరిగిన లారీ కమానులోంచి మంచి బద్దలు ఏరుకుని మూటగట్టుకున్నాను. ఉన్నవాటికి వంపు ఎక్కుతోందిగా, ఇవెందుకు అని నన్ను అడిగేవాళ్ళు లేరు, నన్ను నేనూ అడగలేదు. తిరుగు బస్సులో కండక్టరు ఆ మూటను కాలితో కదపబోయి, అది కదలక, "ఏందప్పా ఇది?" అన్నాడు. "పెళ్ళి సామానన్నా" అన్నాను. నా మొహం చూస్తే అబద్ధమనిపించలేదేమో, వదిలేశాడు.

మర్నాడు కమ్మరి వద్దంటున్నా వినకుండా, ఆయన వంపు పెట్టిన బద్దలకింద నా లారీ బద్దలన్నీ పేర్చి బిగించేశాను. రాళ్ళు తీశాక చూద్దును కదా, బండి కుమ్మడానికొచ్చిన పొట్టేలు మాదిరి తల దించి వెనకభాగం ఆకాశానికెత్తింది. ఖాళీ బండిని పాలెం తోలుకొచ్చేసరికి నా తల గది కప్పుకు ఎన్నిసార్లు కొట్టుకుందో నాకే తెలియదు. మామ ఆ బండిని చూసి, చుట్టూ తిరిగి, గొలుసు దగ్గర గొంతుక్కూర్చుని, నేలకూ దానికీ మధ్య చేయి పెట్టి చూసుకుని, "లేపినావురా అల్లుడా!" అని నా వీపు చరిచాడు. ఆ చరుపుతో నాకు పెళ్ళయిపోయినంత సంబరమైంది.

మరుసటి పొద్దున తెప్పలు ఒడ్డుకొచ్చాయి. ఆడవాళ్ళు గంపలు ఎక్కించడం మొదలుపెట్టారు. రోజూ ఏ గంపకు చప్పట్లు కొడతారో ఆ గంప వచ్చింది, ఎక్కింది. మా అమ్మ చేతులు చప్పట్లకు లేచి అక్కడే ఆగిపోయాయి. "తాకిందా?" "తాకలా." ఇంకో గంప. "తాకలా." పక్కవాళ్ళ గంపలు కూడా తెచ్చి ఎక్కించారు. గొలుసు గాలికి హాయిగా ఊగుతూ ఉంది. మామ సముద్రం వైపు తిరిగి, ఎన్నడూ చూడనివాడిలాగా అలలు చూస్తున్నాడు. మా అమ్మ బండి చుట్టూ ఒక తిరుగు తిరిగింది, వంగి కిందికి చూసింది. ఏం చూసిందో, లేచి కొంగు బిగించి, "ఎక్కండే అందరూ!" అంది. ఆడవాళ్ళంతా గంపల మీదికి, గంపల మధ్యకి ఎక్కేశారు. "మనుషులు లెక్కలోకి రారమ్మే!" అని మామ అరుస్తున్నా వినకుండా మా అమ్మ కూడా ఎక్కి కూర్చుంది. అంతమంది ఎక్కినా గొలుసుకూ నేలకూ మధ్య బెత్తెడు ఖాళీ ఉంది!

"ఏం పెట్టినావు అన్నా, ఈ బండికి?" అంది మా అమ్మ పైనించే. "నన్నడగబాక. నీ కొడుకునడుగు" అన్నాడు మామ. పాలెం పాలెమంతా నావైపు తిరిగింది. నేను పారిపోదామంటే వెనక సముద్రం. "పెట్టినవన్నీ తీసెయ్యరా! తీసిందాకా ఒక్క గంప ఊరు దాటదు" అంది మా అమ్మ. "తీసినావంటే చూడు, గూడూరోళ్ళు రేపే వస్తారు" అన్నాడు మామ నా చెవిలో. పైన ఎండ ఎక్కుతోంది. ఎండెక్కితే చేప ఆగదు. వాళ్ళిద్దరి మధ్యా నేను అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తుంటే, ఎవరో ముసలమ్మ, "ముందు ఆ పిల్లోణ్ణి ఎవరన్నా పట్టుకోండే, కళ్ళు తిరుగుతున్నాయి" అని మొరపెట్టుకుంది.

చివరికి చేప మీద జాలితో మామ కాస్త దిగాడు. ఒక్కో పక్కా ఒక్క బద్ద మాత్రం తీయమన్నాడు. గంపలు దించి తడిగోతాలు కప్పారు. నేను బండి ఎత్తి, కిందికి దూరి, ఎడమపక్క కమాను విప్పాను. ఒక లారీ బద్ద ఊడి వచ్చి నా పొట్ట మీద పడింది. "ఇంకోటి తియ్యి" అంది అమ్మ. "చాలు, బిగించు" అన్నాడు మామ. "తియ్యరా!" "బిగించరా!" బిగించబోతే అమ్మ, విప్పబోతే మామ. అప్పుడు నా తల పక్కన రెండు పాదాలు వచ్చి ఆగాయి. మామ కూతురు వాళ్ళ నాయనకు చద్దన్నం తెచ్చినట్టుంది, పక్కన ఇసకలో సత్తు గిన్నె పెట్టింది.

"బావా" అంది మెల్లగా. "మా నాయన పెట్టమంటే పెట్టినావు. అత్త తియ్యమంటే తీస్తా ఉండావు. రేపు గూడూరోళ్ళొస్తే, వాళ్ళు తెమ్మంటే సోడాలు కూడా నువ్వే పరిగెత్తి తెచ్చేటట్టుండావే. నీకేం కావాల్నో నువ్వెప్పుడన్నా అన్నావా?"

నేను "ఆ పానా ఇటందియ్యి" అన్నాను. నిజంగా అదే అన్నాను. ఆమె పానాను కాలితో ఇంకా దూరం జరిపింది. పుట్టి బుద్ధెరిగినప్పటినించీ మొదటిసారి నాకు కదిలే వీలు లేదు. కింద ఇసక, పైన బండి, పొట్ట మీద ఇనుము, పక్కన ఆ పాదాలు. ఆ పాదాలు ఒక అడుగు వెనక్కి వేశాయి. వెళ్ళిపోతోందనుకున్నాను.

"నువ్వు కావాల! బండి లేస్తే లేవనీ, కూలితే కూలనీ! నాకు నువ్వు కావాల!" అన్నాను. మెల్లగానే అన్నాననుకున్నాను. కానీ బండి కిందున్నవాడికి తన గొంతు బయటికి ఎంత వినిపిస్తుందో తెలియదు. పైన తగువు చటుక్కున ఆగిపోయింది. ఆ పాదాలు గిన్నె వదిలేసి పరుగందుకున్నాయి. కాసేపటికి మా అమ్మ గొంతు, "అన్నా, విన్నావా?" అంది. "ఇనకేం" అన్నాడు మామ. "నడిసముద్రంలో ఉన్నోళ్ళకి కూడా ఇనబడింది."

ఆ తర్వాత జరిగింది మీరు నమ్మినా నమ్మకపోయినా నిజం. ఒక్క క్షణంలో వాళ్ళిద్దరూ వియ్యాలవారైపోయారు. వియ్యాలవారి దగ్గర బేరమాడితే ఏం మర్యాద? "ఇంకో బద్ద తీసెయ్యిరా అల్లుడా, చెల్లెలికి కష్టం రాకూడదు" అన్నాడు మామ. "వద్దులే అన్నా, ఉండనీ, బండి గట్టిగా ఉంటేనే కదా మనకు" అంది అమ్మ. "తియ్యరా!" "బిగించరా!" ఇందాకటి మాటలే, నోళ్ళు మాత్రం మారాయి. ఎండ నెత్తికెక్కుతోంది. ఇక లాభం లేదని ఎడమపక్క లారీ బద్దలన్నీ తీసేసి, కుడిపక్కవి అట్లాగే ఉంచి బిగించేసి బయటికొచ్చాను. బండి ఎడమపక్కకు ఒరిగి నిలబడింది. మళ్ళీ గంపలు ఎక్కించారు. మునుపటికంటే ఎక్కువ, నిన్నటి మామ ఆశకంటే తక్కువ ఎక్కేసరికి, గొలుసు నేలను ముట్టుకుంది. ఈసారి చప్పట్లు ఇద్దరూ కొట్టారు. ఆ బండి బతికినన్నాళ్ళూ అట్లా ఒరిగే తిరిగింది. దాన్ని సరిచేస్తానంటే రెండిళ్ళవాళ్ళూ ఒప్పుకోలేదు. గూడూరు వాళ్ళకు కబురు పెట్టడానికి మాత్రం మామ నన్నే పంపాడు, నేను అంత ఆనందంగా ఏ బస్సూ ఎక్కలేదు.

ఇప్పుడు నాకు మోకాళ్ళు సహకరించవు. కుర్చీలో కూలబడితే లేవడం గగనం. పొద్దున్నే మనవరాలు వచ్చి, "తాతా, కాఫీనా, టీనా?" అంటుంది. "ఏదైనా పర్లేదమ్మా" అంటాను అలవాటుగా. లోపలినించి మా మామ కూతురు, "ఆయన్ని అట్ట కుర్చీలో కూర్చోబెట్టి అడగబాకే, చెప్పడు. బండి కింద పండబెట్టి, పొట్ట మీద ఇనుము పెట్టి అడుగు" అంటుంది. మనవరాలు పకపకా నవ్వుతుంది. నేనూ నవ్వుకుని, "కాఫీ కావాల" అంటాను, వంటింట్లోకి వినబడేటంత గట్టిగా.