ఎలిశబెతు వాకిట్లో కళ్లాపి

తామరగుంట వీధిలో ఇప్పుడు తామరలూ లేవు, గుంటా లేదు. ఎలిశబెతు కాపురానికి వచ్చేనాటికే దాన్ని పూడ్చి ప్లాట్లు వేసి అమ్మేశారు. భర్త జకరయ్య పునాది తీయించి కన్నుమూస్తే, గోడలూ స్లాబూ ఆమె జాకెట్లు కుట్టి లేపుకుంది. సూళ్లూరుపేట నుంచి కూడా ఆమె దగ్గరికి బట్టలు వస్తాయి. కొలత తప్పదని, మిగిలిన పీలిక కూడా తిరిగి ఇచ్చేస్తుందని పేరు. అబద్ధం ఆమె నోట ఎవరూ వినలేదు.

నగర పంచాయతీవాళ్లు ఊరికి మాస్టర్ ప్లాన్ తయారుచేసి, ఆ పటాన్ని ఆఫీసు వరండాలో అంటించారు. ఇళ్ల చోట పసుపు, దుకాణాల చోట ఎరుపు, చెరువుల చోట నీలం. తామరగుంట వీధి మొత్తం నీలంగా ఉంది. నీలంలో పడిన ఇంటికి అనుమతులు రావు. ఎప్పుడో ఒకనాడు ఖాళీ చేయమంటారు. వీధి వీధంతా అర్జీ పెట్టుకుంది. ప్లాన్ కమిటీ వచ్చి చూస్తుందని, నేల పొడిగా ఉంటే పసుపు వేస్తుందని జవాబు వచ్చింది.

"మనం నీళ్లల్లో ఉండామంటక్కా. ఇంకెందుకు, ఆ మిషను అమ్మేసి వల కొనుక్కో," అంది పక్కింటి రాఘవమ్మ.

ఎలిశబెతు నవ్వింది. ఆ వారంలోనే పట్టపగలు ఒక కొంగను చూసింది. ఎండిన సిమెంటు రోడ్డు మీద, ఒక్కో కాలూ పైకెత్తి, వేళ్లు ముడిచి, మెల్లగా ముందుకు దించుతూ నడుస్తోంది. నీళ్లల్లో నడిచే నడక అది. ఉన్నట్టుండి ముక్కుతో కిందికి పొడిచి, తలెత్తి ఏదో మింగింది. దాని గొంతులో ఆ ముద్ద దిగడం ఎలిశబెతుకు కనిపించింది.

తర్వాత ఇంట్లో గచ్చు చల్లబడింది. మిషను సూదులు తుప్పు పట్టసాగాయి. వానలింకా మొదలు కాలేదు. రాఘవమ్మ ఇంట్లోనూ ఇలాగే ఉందా అని అడగబోయి ఊరుకుంది. ఉందంటుందేమోనని భయం.

కమిటీ వచ్చే ఉదయం రాఘవమ్మ బకెట్లో పేడ కలుపుతూ కనిపించింది.

"పొడిగా ఉండాదని చూపించాల్సిన పూట తడుపుతావా రాఘవా?"

"పెద్దోళ్లు వస్తా ఉంటే కళ్లాపి చల్లకుండా ఎట్టక్కా? మొహం కడగనోళ్లం అనుకోరూ?"

హిందువుల వాకిళ్లన్నీ అలాగే తడిసి ముగ్గులు దిద్దుకున్నాయి. ఎలిశబెతు ఏనాడూ కళ్లాపి చల్లలేదు. చీపురుతో ఊడ్చి లోపలికి వెళ్లింది.

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు ప్రత్యూష కమిటీ సభ్యులతో వచ్చింది. వాళ్లలో పెద్దవాడు చిన్నపోలయ్య నడుస్తూ కబుర్లు చెబుతున్నాడు.

"చిన్నప్పుడు ఈడ ఈత కొట్టినానమ్మా. అదిగో, ఆ మిషనమ్మ వంటింటికాడ చానా లోతు. మునిగితే కాలికి నేల తగిలేది కాదు."

తడి వాకిళ్లు చూసి ప్రత్యూష ఆగింది. కళ్లాపి అని రాఘవమ్మ చెప్తే నవ్వేసింది. అలా ఒక్కో ఇల్లూ దాటి ఎలిశబెతు గడప ముందుకు వచ్చి నిలబడింది.

మెట్టు కింద నీళ్లు నిలిచి ఉన్నాయి. పేడరంగు లేదు, ముగ్గు లేదు. తేటగా ఉన్నాయి. గాలి లేకపోయినా మెల్లగా కదులుతున్నాయి.

ప్రత్యూష తలుపు మీది సిలువను చూసింది. నీళ్లను చూసింది.

"మీరు కూడా చల్లారా అమ్మా?"

రాఘవమ్మ తల దించుకుంది. వీధిలో అందరూ ఎలిశబెతు నోటి వైపే చూస్తున్నారు. మెట్టు పక్కన జకరయ్య పేరు చెక్కించిన పునాదిరాయి అప్పటికే సగం మునిగింది.

"అవునమ్మా. నేనే చల్లినాను."

"వీధంతా పొడినేలే," అన్నాడు చిన్నపోలయ్య. మిగతావాళ్లు తలాడించారు.

పటంలో పసుపు పడింది. ఇల్లు నిలిచింది. నెల మొదటి ఆదివారం చర్చిలో పాస్టరుగారు, తప్పు మనసులో పెట్టుకుని ముట్టకూడని ప్రభు సంస్కారపు రొట్టె పళ్లెం పట్టుకొస్తే, ఎలిశబెతు చేయి చాచకుండా పక్కకు జరిగింది.

ఇప్పుడామె తెల్లవారకముందే లేస్తుంది. రాఘవమ్మ అడక్కుండానే పేడముద్ద పిట్టగోడ మీద పెట్టి ఉంచుతుంది. దాన్ని బకెట్లో కలిపి, తేటనీళ్లు పచ్చగా మారేదాకా మెట్టు కింద చల్లుతుంది. పక్కన రాఘవమ్మ మునుపటిలా చెంబుతో కాదు, బిందెలకు బిందెలు గుమ్మరిస్తోంది. అవతలి ఇంటి ముందు, ఏనాడూ చీపురు పట్టని మస్తానయ్య కూడా పంచె ఎగ్గట్టి వంగి ఉన్నాడు.

ఒకరినొకరు పలకరించుకోరు. ఆ చీకట్లో వీధి పొడుగునా నీళ్ల మీద నీళ్లు పడే చప్పుడే.